సముద్రపు ఒడ్డున ఒక వంటిల్లు

తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, నాన్నమ్మ, తాతయ్య. ఈ ఆరుగురూ కలిసి ఓ నాలుగు రోజులు సముద్రం పక్కన ఉండి రావాలనుకుంటే ఆంధ్ర తీరంలో ఎక్కడ దిగాలి? రిసార్టుకు వెళితే రెండు గదులు తీసుకోవాలి, మూడు పూటలా అక్కడి రెస్టారెంటులోనే తినాలి. నాన్నమ్మకు ఉప్పు తగ్గించిన పప్పు, తాతయ్యకు రాత్రిపూట జొన్నరొట్టె, చిన్నదానికి వేళకు కాచిన పాలు, మెత్తగా కలిపిన పెరుగన్నం కావాలి. అవేవీ మెనూలో ఉండవు. అడిగితే చేసిపెట్టే వంటవాళ్లు లేకపోలేదు గాని, ప్రతి పూటా అడగాలంటే మొహమాటం. ఊళ్లో లాడ్జి చూసుకుంటే సముద్రం దూరం. చివరికి చాలా కుటుంబాలు తెల్లవారుజామున కారెక్కి, మధ్యాహ్నం సరుగుడు చెట్ల కింద పులిహోర తిని, చీకటి పడకముందే తిరుగుదారి పడుతున్నాయి.

మనకు తీరం తక్కువా? 974 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. కేంద్రం ఈమధ్య కొత్త పద్ధతిలో కొలిపించి 1,053 కిలోమీటర్లని తేల్చింది. పైన బారువ, కళింగపట్నం, భీమిలి. మధ్యలో ఉప్పాడ, అంతర్వేది, పేరుపాలెం, మంగినపూడి. కిందికి వస్తే సూర్యలంక, వాడరేవు, మైపాడు, తూపిలిపాలెం. ఇంత పొడవునా ఒక మధ్యతరగతి కుటుంబం దిగి, తన వంట తాను వండుకుని ఉండగలిగే సాదా ఇల్లు దొరకడం గగనమైపోయింది. తీర పర్యాటకం మాటెత్తితే చాలు, అయిదు నక్షత్రాల హోటళ్లు, వందల కోట్ల పెట్టుబడులు, ఒప్పందాల ఫొటోలు. సెలవులకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆ హోటళ్ల గుమ్మం తొక్కరన్న సంగతి ఎవరికీ పట్టదు. నాకు ఇది చిన్న లోటుగా కనిపించడం లేదు.

నేను అడుగుతున్న ఇల్లు ఎలాంటిదో చెబుతాను. రెండు గదులు, ముందు వెడల్పాటి వసారా, పైన పెంకో తాటాకో. గచ్చు నేల. మంచాలు రెండుంటే చాలు, మిగతావాళ్లకు చాపలు, బొంతలు. దోమతెరలు తప్పనిసరి. వంటింట్లో రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్వు, కుక్కరు, అన్నం గిన్నె, పులుసుకు ఒక మట్టి దాక, కత్తిపీట, చిన్న రోలు. బయట ఇసుక కాళ్లు కడుక్కోవడానికి ఒక కుళాయి, తడిబట్టలు ఆరేసుకోవడానికి ఒక తాడు. ఏసీ లేకపోయినా ఫరవాలేదు, టీవీ లేకపోతే మరీ మంచిది. రెండు విషయాల్లో మాత్రం రాజీ కూడదు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉండాలి, తాగేనీళ్లు మంచివై ఉండాలి.

అలాంటి ఇంట్లో వంట పనిగా అనిపించదు. పొద్దున్నే ఒడ్డుకు చేరిన తెప్ప దగ్గరకు పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లొచ్చు. వలలోంచి కానాగంతల్ని, కవళ్లను విదిలిస్తుంటే చూడొచ్చు. పట్నం పిల్లలకు చేప అంటే ముక్కలు కోసి కవర్లో వేసిచ్చే సరుకు. దాని మొప్పలు, పొలుసులు, వెండిలా మెరిసే పొట్ట వాళ్లు ఎక్కడ చూస్తారు? చేపలు బాగుచేయడం పక్కింటి ఆవిడ నేర్పుతుంది. పులుసులోకి చింతపండు పడాలా, మామిడికాయ పడాలా అని నాన్నమ్మ తేలుస్తుంది. వేసవి గనక మెత్తళ్లు, మామిడికాయ కలిపి వండితే ఆ పూట ఇంకో కూర అక్కర్లేదు. శాకాహారులకైతే ఈ ఏర్పాటు ఇంకా మేలు. పొయ్యి తమది, గిన్నెలు తమవి. ఏ నూనెలో ఏం వేయించారోనన్న బెంగ ఉండదు. మగవాళ్లు కూరలు తరగాలి, పిల్లలు నీళ్లు మోయాలి. అమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడితే అది ఆమెకు సెలవు కాదు. ఈ ఒక్క షరతూ కుటుంబాలు ముందే రాసుకోవాలి.

ఇదేదో పరాయి అలవాటని ఎవరైనా అంటే ఒప్పుకోను. కార్తీకమాసంలో సూర్యలంక వైపు వెళ్లి చూడండి. పున్నమి స్నానాలకు వచ్చిన జనం తోటల్లో పొయ్యిలు పెట్టి వండుకుంటారు. వనభోజనాలంటే మనవాళ్లకు అంత మోజు. వండుకు తినడానికి చెట్టునీడ ఉంది గాని, రాత్రి పడుకోవడానికి చోటే లేదు. బెంగాలీలు ఈ విషయంలో మనకన్నా ముందున్నారు. గాలి మార్పు కోసమని ఒకప్పుడు మధుపూర్, గిరిడీలకూ, పూరీకీ, మన వాల్తేరుకూ సంసారాలతో వచ్చి, ఇళ్లు అద్దెకు తీసుకుని వారాల తరబడి ఉండేవారు. నేటికీ పూరీలో, దీఘాలో హాలిడే హోమ్‌లని ఉంటాయి. వాటిలో ఎన్నింటినో బ్యాంకులు, ఆఫీసులు, ఉద్యోగ సంఘాలు తమవాళ్ల కోసం పెట్టుకున్నాయి. గదికి ఒక వంటచోటు, అద్దెకు గిన్నెలు, గ్యాసు. బజారుకెళ్లి చేపలు తెచ్చుకోవడం, వండుకోవడం, జగన్నాథుణ్ణి దర్శించుకోవడం, సాయంత్రం సముద్రం. వాళ్లకు ఇంతకు మించిన సెలవు లేదు. మన ఉద్యోగ సంఘాలకు ఊరూరా కల్యాణమండపాలు, భవనాలు ఉన్నాయి. తీరంలో నాలుగు గదులూ ఒక వంటిల్లూ కట్టుకోవాలన్న ఆలోచన వాటికి ఎందుకు రాలేదో!

న్యూజిలాండ్‌లో ఇలాంటి సముద్రపు గుడిసెల్ని బ్యాచ్‌లంటారు. గత శతాబ్దపు మొదటి సగంలో మామూలు ఉద్యోగులు, కార్మికులు దొరికిన చెక్కలతో, రేకులతో, కొన్నిచోట్ల పాత ట్రామ్ పెట్టెలతో కట్టుకున్నవి అవి. ఆక్లండ్ ఎదురుగా ఉన్న రంగిటోటో దీవిలో కొత్తగా కట్టకూడదని 1937లో ప్రభుత్వం ఆపింది. ఆ తర్వాత చాలావాటిని తీసేశారు. మిగిలిన కొన్నింటిని ఇవాళ వారసత్వ కట్టడాలుగా కాపాడుకుంటున్నారు. పేదరికంలో కట్టుకున్న కొంపలు ఒక దేశానికి జ్ఞాపకాలయ్యాయి. మన ఉత్తర కోస్తాలో చుట్టిళ్లకు అంతకన్నా గొప్ప చరిత్ర ఉంది. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగే తాటాకు కప్పు. గాలి పట్టుకోవడానికి మూల ఉండదు కనుక తుపానుకు తట్టుకునేది. ఆ ఇళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. అతిథుల కోసం కట్టే నాలుగు ఇళ్లను ఆ తీరులో కడితే కప్పు నేసే చేతులకు పనైనా దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని మరబోట్లను, మోటారు పడవలను ఒడ్డున కట్టేస్తారు. మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. క్యాలెండరులో ఈ రెండూ ఇంచుమించు ఒకదాని మీద ఒకటి పడతాయి. వేటకు వెళ్లే ఇంటికి రాబడి లేని రోజులూ, పట్నంలోని ఇంటికి ఊరు కదలాలనిపించే రోజులూ ఒకటే! నిషేధ కాలపు సాయాన్ని 2025లో ప్రభుత్వం రూ.10,000 నుంచి రూ.20,000 చేసింది. మంచి పనే. కానీ రెండు నెలలు ఇల్లు గడవడానికి అది సరిపోదు. శ్రీకాకుళం పాలేల నుంచి యువకులు గుజరాత్‌లోని వెరావల్ దాకా బోట్ల మీద పనికి పోతున్నారు. ఎక్కడి సముద్రంలోనో వేటాడుతూ పాకిస్తాన్ జలాల్లో చిక్కుకుని, 2018 నవంబరు నుంచి 2020 జనవరి దాకా అక్కడి జైలులో మగ్గిన మనవాళ్లను మరిచిపోలేం. సొంత ఊళ్లో, సొంత ఇంటి పక్కన ఒక అద్దె ఇల్లు ఉంటే ఆ రెండు నెలల్లో చేతికొచ్చే డబ్బు నేరుగా ఇంటి ఇల్లాలి చేతికే వస్తుంది. మోటారు లేని తెప్పలకు నిషేధం లేదు గనక, వచ్చినవాళ్లకు నాలుగు తాజా చేపలకు కొదవా ఉండదు.

చట్టం అడ్డొస్తుందేమో అంటారు. 2019 నాటి తీర ప్రాంత నియంత్రణ ప్రకటన చదివితే అది ఈ ఆలోచన వైపే ఉందని తెలుస్తుంది. గ్రామాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా, జనసాంద్రత ఎక్కువున్నచోట 50 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు కూడవు. అయితే మత్స్యకారులతో సహా స్థానికులు తమకున్న ఇళ్లను, వాటి విస్తీర్ణం, రూపం మార్చకుండా, అతిథులకు ఇచ్చుకోవచ్చని అందులోనే ఉంది. మహారాష్ట్ర పర్యాటక సంస్థ కొంకణ్‌లో తార్కర్లీ వంటి ఊళ్లలో ఇళ్ల యజమానులను న్యాహారీ నివాస్ పేరుతో ఏనాడో కూడగట్టింది. మన దగ్గర కదలాల్సింది అధికారుల మనసు.

నీళ్ల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తీరంలో కొంపలు ముంచేది అదే. ఇసుక దిబ్బల కింద వాననీరు తేలికగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పాలెపువాళ్లు చెలమ తవ్వి తోడుకునేది ఆ నీటినే. ఆ మంచినీటి మట్టం ఒక మీటరు తగ్గితే అడుగునున్న ఉప్పునీరు నలభై మీటర్ల దాకా పైకి రావచ్చని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. ఈత కొలను, పచ్చిక, వంద గదులు ఉన్న రిసార్టు లోతుగా బోరు వేసి లాగితే పక్క పాలెంలో చెలమలన్నీ ఉప్పవుతాయి. రెండు గదుల ఇంట్లో ఆరుగురు వాడేది బిందెల లెక్క. దీపాలదీ అంతే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డున గుడ్లు పెడతాయి. పిల్లలు మే దాకా బయటికి వస్తూ ఉంటాయి. ఒడ్డున ఫ్లడ్‌లైట్లుంటే అవి సముద్రం వైపు కాక వెలుతురు వైపు పాకి చచ్చిపోతాయి. వసారాలో చిన్న బల్బు వాటికి అపాయం చేయదు.

అన్నిటికన్నా పెద్ద భయం ప్రాణభయం. సూర్యలంకలో, వాడరేవులో స్నానానికి దిగి కొట్టుకుపోయిన విద్యార్థుల వార్తలు ప్రతి వేసవీ చదువుతున్నాం. సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవాలన్న తొందరలో, తెలియని చోట, అడిగేవాళ్లు లేక దిగుతారు. పాలెంలో ఉన్నప్పుడు ఇంటివాళ్లే చెబుతారు: "బాబూ, ఆ పక్కన దిగకండి, అక్కడ నీరు లాగేస్తాది." ఈ మాట ఏ హెచ్చరిక బోర్డు కన్నా బలమైనది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉప్పెన కెరటాల మీద రోజూ హెచ్చరికలు ఇస్తుంది. అవి ప్రతి అతిథి ఇంటి గోడ మీదా పొద్దున్నే రాసి పెట్టే నియమం ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక వెలువడిన రోజున ఇళ్లు ఖాళీ చేయించాలి. 1977 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన రాష్ట్రానికి ఇది ఒకరు చెప్పాల్సిన పని కాదు.

మే నెల ఎండలో సముద్రమేమిటని అడిగేవాళ్లున్నారు. ఎండ నిజమే. పొద్దున ఎనిమిదింటిలోపు, సాయంత్రం అయిదు తర్వాత నీళ్ల దగ్గర ఉండాలి. మధ్యాహ్నం భోంచేసి వసారాలో పడుకోవాలి. ఆ వేళకు సముద్రపు గాలి తిరుగుతుంది. లోపలి ఊళ్లు కుతకుతలాడుతున్నప్పుడు కూడా ఒడ్డున అది హాయిగా వీస్తుంది. ఎండ కన్నా నన్ను కలవరపెట్టే అడ్డంకి మరొకటుంది. "పల్లెకారుల పాలెంలో ఉండడమా?" అని ముఖం చిట్లించే మనుషులు మన మధ్య చాలామంది ఉన్నారు. చేపల వాసన అంటారు గాని, ఆ మాట వెనక కులం ఉంది. వాళ్లు పట్టిన చేపను తింటాం, వాళ్ల అరుగు మీద కూర్చోలేమా? ఈ దూరం చెరగాలంటే పక్కపక్క ఇళ్లలో నాలుగు రోజులు ఉండడం మంచి దారి. రెండు ఇళ్ల పిల్లలూ ఒకే ఇసుకలో ఆడుకుంటారు.

విశాఖ ఋషికొండ మీద పర్యాటక శాఖకు సాదా కాటేజీలుండేవి. 2021లో వాటిని కూల్చారు. ఆ స్థలంలో వందల కోట్లతో భవనాలు లేచాయి. వాటి రాజకీయం జోలికి ఈ శీర్షిక వెళ్లదు. ఆ కాటేజీల్లో ఒకప్పుడు దిగిన మామూలు కుటుంబాల సంగతి మాత్రం అడుగుతుంది. ఆ భవనాలకైన ఖర్చులో చిన్న వంతు పెట్టినా తీరంలో వందల ఇళ్లకు మరుగుదొడ్లు, వంటగదులు, దోమతెరలు సమకూరేవి.

పర్యాటక శాఖకు నా విన్నపం ఇది. 2024లో తెచ్చిన కొత్త విధానంలో పెద్ద పెట్టుబడులకు రాయితీలిచ్చారు. ఆ చేత్తోనే పాలేల్లోని మహిళా సంఘాలకు ఇంటికొక మరుగుదొడ్డి, వంటిల్లు కట్టుకునే చిన్న రుణం ఇవ్వండి. అనుమతిని ఒక్క పేజీలో, మండల స్థాయిలో తేల్చండి. వచ్చే ఏప్రిల్ 15 లోగా కనీసం పది పాలేల్లో మొదలుపెట్టండి. పాఠకులకు ఒక మాట. అలాంటి ఇల్లు దొరికితే అద్దె దగ్గర బేరమాడకండి, డబ్బు ఇంటి ఇల్లాలి చేతిలో పెట్టండి, మీ చెత్త మీ కారులోనే వెనక్కి తెచ్చుకోండి.