బావ అడిగిండు: హైబ్రిడ్ సెడాన్ కొనాల్నా, వద్దా?

పోయిన ఆదివారం పొద్దున ఏడు కూడా కాలేదు, బావ ఫోన్.

"ఏంరా బామ్మర్ది, లేసినవా? ఒక్క ముచ్చట అడుగుత, సక్కగ చెప్పు. ఈ హైబ్రిడ్ కార్లు మంచియేనా?"

మా బావది మిర్యాలగూడ. రైస్ మిల్లు నడుపుతాడు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ వచ్చి పోతాడు. ఇప్పుడున్నది పదేళ్ల నాటి డీజిల్ సెడాన్, రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. ఈ మధ్యనే రోడ్డు పక్క జాగా ఒకటి అమ్మాడు. చేతిలో పైసలున్నాయి, మనసులో లెక్సస్ ఉంది.

పది నిమిషాలకి అక్క ఫోన్.

"తమ్మీ, మీ బావ నిన్నే అడుగుతడు. నువ్వు ఇంజినీరువి, నీ మాట వింటడు. అరవై, డెబ్బై లక్షల కారంట! పిల్ల వచ్చే ఏడు నీట్ రాస్తది. గవర్నమెంట్ సీటు రాకుంటే ఫీజు ఎక్కడికెల్లి తేవాలె? ఏదో ఒకటి చెప్పి ఆపు."

ఆఫీసులో ఇద్దరు మేనేజర్లు ఒకే పనికి రెండు రకాలుగా చెబితే ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇక్కడ ఇద్దరూ ఇంట్లోవాళ్లే. అక్క కోసం కారు గురించి అబద్ధం చెప్పలేను. బావ కోసం లెక్క మార్చలేను. అందుకే ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నా. ఆ లెక్కే ఈ వారం కాలమ్.

హైబ్రిడ్ అంటే మూడు రకాలు

షోరూమ్‌కి పోతే అన్నిటినీ 'హైబ్రిడ్' అనే అంటారు. కానీ అన్నీ ఒకటి కావు.

మొదటిది మైల్డ్ హైబ్రిడ్. మెర్సిడెస్ సీ-క్లాస్‌లో ఉండే 48 వోల్టుల సిస్టమ్ ఇలాంటిదే. చిన్న మోటారు ఇంజిన్‌కి కాస్త చేయి వేస్తుంది, అంతే. ఒక్క కరెంటు మీదే కారుని నడపలేదు.

రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్. టొయోటా క్యామ్రీ, లెక్సస్ ఈఎస్ 300హెచ్, మన బడ్జెట్‌కి దగ్గరగా హోండా సిటీ ఈ:హెచ్‌ఈవీ. వీటికి చార్జింగ్ ప్లగ్ ఉండదు. బ్రేక్ వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీ నింపుతుంది. ఇంజిన్ కూడా అవసరమైతే నింపుతుంది. మెల్లగా పోయేటప్పుడు ఇంజిన్ ఆగిపోయి కారు కరెంటు మీద నడుస్తుంది.

మూడోది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవాలి. స్పోర్ట్ సెడాన్లలో పెద్ద పేర్లు కొన్ని ఇప్పుడు ఇటే వచ్చాయి. 2024 నవంబరులో మన దేశంలోకి వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో 4.4 లీటర్ల వీ8 ఇంజిన్, దానికి తోడు మోటారు, మొత్తం 727 హార్స్ పవర్. ధర దాదాపు రెండు కోట్లు. అదే నెలలో వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ సీ63 కూడా రెండు కోట్లకి కొంచెం తక్కువ. పాత సీ63లో వీ8 ఉండేది. ఇప్పుడు 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి మోటారు కలిపారు. పవర్ పెరిగింది, కానీ ఆ పాత సౌండ్ పోయిందని అభిమానులు ఇంకా గొడవ పెడుతూనే ఉన్నారు.

"గవి మనకొద్దురా" అన్నాడు బావ. సరే, క్యామ్రీ, లెక్సస్ దగ్గరే ఆగుదాం.

ముందు మంచి మాటలు

మొదటిది ట్రాఫిక్‌లో మైలేజీ. హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పొద్దున తొమ్మిదింటికి వచ్చారా? అక్కడ మామూలు పెట్రోల్ కారు ఆగి ఆగి తాగుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ అక్కడే గెలుస్తుంది. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌గేట్ దగ్గర ఇరుక్కుంటే కూడా అంతే. ఏసీ కంప్రెసర్ కరెంటుతోనే తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ చాలాసేపు ఆగే ఉంటుంది, లోపల చల్లగానే ఉంటుంది.

రెండు, చార్జింగ్ బాధ లేదు. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్లకి పోయే ఎన్‌హెచ్ 167 మీద చార్జర్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని లేదు. పెట్రోల్ బంకు చాలు.

మూడు, ఓవర్‌టేక్. వడ్ల లారీ వెనక పడ్డప్పుడు మోటారు టార్క్ వెంటనే అందుతుంది. గేరు మారే కుదుపు ఉండదు. కొత్త క్యామ్రీలో ఇంజిన్, మోటారు కలిపి 230 పీఎస్.

నాలుగు, బ్యాటరీ భయం అనుకున్నంత లేదు. టొయోటా తన హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. కానీ మా బావలా ఏడాదికి 30 వేలు తిరిగేవాళ్లకి అది ఐదున్నర ఏళ్లలోపే అయిపోతుంది. ఈ ముక్క షోరూమ్‌లో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక చెడ్డ మాటలు

హైవే మీద హైబ్రిడ్ మ్యాజిక్ తగ్గుతుంది. నార్కట్‌పల్లి నుంచి చౌటుప్పల్ దాకా ఒకే స్పీడులో 90, 100 మీద పోతుంటే బ్రేక్ వేసేదెక్కడ, బ్యాటరీ నిండేదెక్కడ? ఇంజినే ఎక్కువ పని చేస్తుంది. కంపెనీ క్యామ్రీకి చెప్పే లీటరుకు 25.49 కిలోమీటర్ల మైలేజీ టెస్ట్ లెక్క. బావ దారికి నేను 19 వేసుకున్నా.

'స్పోర్ట్' అనే మాట కూడా జాగ్రత్తగా వినాలి. క్యామ్రీ, ఈఎస్ రెండిట్లో ఉండేది ఈ-సీవీటీ. గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒకే రాగం మీద అరుస్తుంది. వెనక సీట్లో కూర్చునేవాళ్లకి ఇవి స్వర్గం. నడిపేవాడికి మరీ అంత మజా ఉండదు. మా బావకి డ్రైవర్ లేడు, తనే నడుపుతాడు.

మూడోది ఎత్తు. పొడుగాటి వీల్‌బేస్, తక్కువ గ్రౌండ్ క్లియరెన్స్. మన ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఏ ఇంజినీరూ గీసినవి కావు. యాక్సిడెంట్ అయిన మర్నాడు ఊరోళ్లు పోసుకున్నవి. దోస్తు దగ్గర ఇలాంటి లగ్జరీ సెడాన్ ఒకటి తీసుకుని పోయిన నెల మా ఊరికి పోయా. నలుగురం ఎక్కాం. మూడో బ్రేకర్ దగ్గర అడుగు గీరుకుంది. ఆ చప్పుడికి వెనక కూర్చున్న నాయిన "దిగి నడవాల్నా?" అన్నాడు. నిజంగానే దిగాడు.

నాలుగు, రిపేరు. లగ్జరీ బ్రాండ్ వర్క్‌షాప్ కావాలంటే హైదరాబాద్ రావాల్సిందే. హైబ్రిడ్‌లో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. అవి హై వోల్టేజీ లైన్లు. మన అడ్డా మీది మెకానిక్ ఎంత మంచోడైనా వాటి మీద చెయ్యి వెయ్యనీయకండి. ఇంకోటి, టొయోటా హైబ్రిడ్లలో చాలావాటికి వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఉంటుంది. దాని మీద సంచులు పెట్టకూడదు, దుమ్ము పట్టనీయకూడదు. మిల్లు వాకిట్లో ఊక దుమ్ము మధ్య ఆగే బండికి ఇది చిన్న విషయం కాదు.

ఐదు, పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకి జీఎస్టీ 40 శాతం. నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్ కూడా అందులోనే. ఎలక్ట్రిక్ కారుకి 5 శాతమే. పైగా తెలంగాణ 2024 నవంబరులో తెచ్చిన ఈవీ పాలసీ ప్రకారం ఎలక్ట్రిక్ కారుకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. హైబ్రిడ్‌కి ఆ మాఫీ లేదు. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి రిజిస్ట్రేషన్ ట్యాక్స్ తీసేసింది, మన దగ్గర అలా లేదు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. సర్కారు చూపు పూర్తి బ్యాటరీ బండ్ల మీదే ఉందని అర్థమవుతూనే ఉంది.

అసలు లెక్క

ఇప్పుడు బావ పుస్తకం తీద్దాం. ఏడాదికి 30 వేల కిలోమీటర్లు.

ఇప్పుడున్న డీజిల్ కారు లీటరుకు 17 ఇస్తోంది. 1,765 లీటర్లు. లీటరు 96 రూపాయల లెక్కన సుమారు 1 లక్షా 69 వేలు.

లగ్జరీ హైబ్రిడ్ 19 ఇచ్చిందనుకుందాం. 1,579 లీటర్లు. పెట్రోల్ 107 లెక్కన అదీ సుమారు 1 లక్షా 69 వేలే!

నేను రెండుసార్లు చూసుకున్నా. నిజంగానే తేడా ఐదొందలు. అదే సైజు మామూలు పెట్రోల్ లగ్జరీ కారు 13 ఇస్తుందనుకుంటే, దానితో పోలిస్తే హైబ్రిడ్ ఏడాదికి 78 వేలు మిగిలిస్తుంది. సేల్స్‌మన్ చూపించే లెక్క ఇది. తప్పు లెక్కేం కాదు. కానీ బావ దిగుతున్నది పెట్రోల్ కారులోంచి కాదు, డీజిల్ కారులోంచి.

క్యామ్రీ 2024 డిసెంబరులో 48 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే 55 దాటుతుంది. లెక్సస్ అయితే ఇంకా పైన. సిటీ హైబ్రిడ్ ఇరవై లక్షల దగ్గర దొరుకుతుంది. మధ్యలో కనీసం 30 లక్షలు. బ్యాంకులో 7 శాతానికి వేస్తే ఏడాదికి 2 లక్షలకి పైనే వడ్డీ. మైలేజీ ఇచ్చేది హైబ్రిడ్ టెక్నాలజీ. బాకీ 30 లక్షలు సీటుకి, సైలెన్స్‌కి, బ్యాడ్జ్‌కి. వాటికి ఖర్చు పెట్టడం తప్పని నేననను. 'పెట్రోల్ మిగులుతది' అని మాత్రం మనకి మనం చెప్పుకోవద్దు.

స్పీడ్ గురించి ఒక్క మాట

నాలుగు లేన్ల హైవే మీద కార్లకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100. స్పోర్ట్ సెడాన్‌కి అది నాలుగైదు సెకన్ల పని. బావ రోజూ పోయే నార్కట్‌పల్లి-అద్దంకి హైవే మీదే, నల్లగొండ దగ్గర అన్నెపర్తి వద్ద, 2018 ఆగస్టు 29 పొద్దున జరిగిన ప్రమాదంలో నందమూరి హరికృష్ణ చనిపోయారు. తనే కారు నడుపుతున్నారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ దారిన పోయినప్పుడల్లా మా అక్కకి అదే గుర్తొస్తుంది. అక్క భయం ఫీజు ఒక్కదాని గురించే కాదని నాకు అప్పుడు తెలిసింది.

మరి ఏం చెప్పా?

సాయంత్రం వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేశా. బావ, అక్క ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టా. విడివిడిగా చెబితే నేను ఎవరో ఒకరి పార్టీ అవుతా.

చెప్పింది ఇదీ: రోజూ సిటీ ట్రాఫిక్‌లో తిరుగుతూ, పెట్రోల్ లగ్జరీ కారే కొనాలనుకునేవాళ్లకి స్ట్రాంగ్ హైబ్రిడ్ మంచి బేరం. ఇంట్లో చార్జర్ పెట్టుకోగలిగి, రోజుకి ఒకే దారిన పోయి వచ్చేవాళ్లు ముందు ఎలక్ట్రిక్ సెడాన్ చూడాలి, పన్నులోనే లక్షలు మిగులుతాయి. రెండు కోట్ల ప్లగ్-ఇన్ స్పోర్ట్ సెడాన్ కొనేవాళ్లు ఈ కాలమ్ చదవరు. హైవే మీద ఎక్కువ తిరిగే, ఊళ్లో బ్రేకర్లు దాటే, ఇంట్లో పెద్ద ఖర్చు ముందున్న మనిషికి లగ్జరీ హైబ్రిడ్ ఇప్పుడు తొందరలేని కోరిక.

బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు. స్క్రీన్ మీద ఆ రెండు 1,69,000లు చూస్తూ కూర్చున్నాడు.

"అంటే... పెట్రోల్ మిగులతదని నేనే అనుకున్ననా?"

"అందరం అట్లనే అనుకుంటం బావా."

"సరే, నీట్ రిజల్టు రానీ. సీటు ఫ్రీగ వస్తే మాత్రం మల్ల నన్ను ఆపొద్దు, మీ అక్కకి ఇప్పుడే చెప్పు."

అక్క పక్కనే ఉంది. నవ్వింది. "సీటొస్తే నేనే ఎదురుగ కొబ్బరికాయ కొడత" అంది.

ఫోన్ పెట్టాక మేనకోడలి నుంచి మెసేజ్ వచ్చింది: "మామయ్యా, ఇప్పుడు డాడీ కారు కూడా నా ర్యాంకు మీదనే ఉందా?"

ఇంకా రిప్లై ఇవ్వలేదు. ఆ లెక్క నా దగ్గర లేదు.