నీటి ధార ఆగకూడదు



తాండూరులో నాపరాయి కోసే మిషన్ దగ్గర కాసేపు నిలబడితే, తిరిగే బ్లేడు మీద నీళ్లు ధారగా పడుతూ కనిపిస్తాయి. ఆ ధార ఆగితే బ్లేడు కాగిపోతుంది, దుమ్ము కమ్ముకుంటుంది. కోపం మీద సంచిక తేవాలనుకున్నప్పుడు మా కళ్లముందు మెదిలింది ఆ నీటి ధారే.

ఈ అంశం ఇప్పుడెందుకు? 2024 నవంబర్ 11న మన వికారాబాద్ జిల్లా లగచర్లలో, ఫార్మా విలేజ్ భూసేకరణపై అభిప్రాయం తెలుసుకోవడానికి వెళ్లిన అధికారులపై దాడి జరిగింది. ఆ వెంటే అరెస్టులు. నెలాఖరుకు ప్రభుత్వం ఆ భూసేకరణ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. చెయ్యి చేసుకోవడాన్ని మేం సమర్థించం. భూమి పోతుందన్న భయాన్ని మాత్రం మరిచిపోలేం. కాగితం రద్దయినంత త్వరగా మనసు చల్లారదు.

ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం ఇదే. ప్రతి కోపం అడుగునా ఒక భయమో, అవమానమో ఉంటుంది. పిడికిలి సడలడానికి, గుండె దడ తగ్గడానికి కొంత సమయం కావాలి. “ముందు కూసో బిడ్డా, ఇన్ని నీళ్లు తాగు” అనే పెద్దమ్మ ఇచ్చేది ఆ సమయమే. తప్పెవరిదన్నది ఆమె తర్వాత అడుగుతుంది.

మన అనంతగిరి గుట్టల్లో మూసీ సన్నటి ధారగానే మొదలవుతుంది. చల్లారడమూ అంతే, ఒక చల్లని మాటతో మొదలవుతుంది. తీరిగ్గా చదవండి. చదివాక మీ మనసులో మాట మాకు రాయండి.

– సంపాదకవర్గం