పోపుల పెట్టెకు పాస్‌వర్డ్ ఉండదు

డిజిటల్ చెల్లింపుల సౌకర్యాన్ని ఎవరూ కాదనరు. కానీ నగదు వాడుకునే హక్కును ఇప్పుడే కాపాడుకోకపోతే, రేపు మన డబ్బు ఖర్చు పెట్టడానికి మనమే అనుమతి అడగాల్సి వస్తుంది

2025 ఏప్రిల్ 12, శనివారం. హనుమాన్ జయంతి కావడంతో బిలాస్‌పూర్ గోల్ బజార్ కిటకిటలాడుతోంది. ఉన్నట్టుండి మిఠాయి దుకాణం ముందు వాగ్వాదం. డబ్బు తన ఖాతాలోంచి వెళ్లిపోయిందని కొన్నవాడు, తనకు చేరలేదని అమ్మినవాడు. ప్రతి అమ్మకానికీ గొంతెత్తి అరిచే సౌండ్ బాక్స్ మూగబోయింది. ఆ రోజు దేశమంతటా కొన్ని గంటలపాటు యూపీఐ స్తంభించింది. వరుసలో ఉన్న పాతిక మంది ఫోన్లు పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటుంటే, రైల్వేలో రిటైరైన ఉద్యోగి భార్య, ఓ తెలుగు పెద్దావిడ, బొడ్డు దగ్గర దోపుకున్న గుడ్డసంచి విప్పి రెండు వంద నోట్లు తీశారు. లడ్డూలు కట్టించుకుని, చిల్లర లెక్కపెట్టుకుని బయల్దేరారు.

"మీ పనే బాగుంది పిన్నిగారూ" అన్నాను. "మా అబ్బాయి ఫోన్లో పెట్టుకోమంటాడు బాబూ. పెట్టుకుంటే నేను ఎక్కడ ఏం కొన్నానో వాడికి తెలిసిపోదూ?" అన్నారావిడ నవ్వుతూ.

ఆ పావుగంటలో నగదు గురించి రెండు సంగతులు తేలిపోయాయి. ఒకటి, కరెంటూ నెట్‌వర్కూ లేకపోయినా అది పనిచేస్తుంది. రెండు, ఎవరికీ చాడీలు చెప్పదు. మొదటి సమస్యను ఇంజనీర్లు ఎలాగోలా పరిష్కరిస్తారు. రెండోదాన్ని మాత్రం పరిష్కరించాలని ఎవరూ అనుకోవడం లేదు.

డిజిటల్ చెల్లింపులు వద్దని కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు, ఊళ్లో తల్లిదండ్రులకు మనియార్డరు పంపి పోస్ట్‌మన్ ఎప్పుడొస్తాడోనని ఎదురుచూసిన రోజులు గుర్తే. ఇప్పుడు అదే డబ్బు బొబ్బిలికో పలాసకో రెప్పపాటులో చేరుతోంది. 2016లో మొదలైన యూపీఐ ద్వారా 2025 ఆగస్టులో, ఒక్క నెలలోనే, 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. చిల్లర బాధ లేదు, దొంగనోట్ల భయం లేదు. కానీ అదే సమయంలో నగదూ తగ్గలేదు. నోట్ల రద్దుకు ముందు దాదాపు రూ.18 లక్షల కోట్లుగా ఉన్న చలామణీ, 2025 మార్చి నాటికి రూ.36 లక్షల కోట్లు దాటింది. జనం రెండింటినీ వాడుతున్నారు. ఏది ఎప్పుడు వాడాలో వాళ్లకు తెలుసు.

తెలియనిదల్లా ప్రభుత్వాలకే. 2016 నవంబరు 8 రాత్రి రూ.500, రూ.1,000 నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు, విలువలో 86 శాతం నగదు చిత్తుకాగితమైంది. అప్పుడు క్యూల్లో నిలబడ్డవారిలో లక్షల మంది గృహిణులున్నారు. పప్పుల డబ్బాలో, పోపుల పెట్టెలో, చీరల మడతల్లో ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బును మొగుడి ముందు బయటపెట్టాల్సి వచ్చింది. తాగొచ్చే మనిషి కంటబడకుండా పిల్లల ఫీజుకోసం దాచిన డబ్బది. కొట్టినరోజు పుట్టింటికి రైలు టికెట్టు కొనుక్కోవడానికి దాచిన డబ్బది. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగొచ్చాయని రిజర్వు బ్యాంకే తర్వాత లెక్క చెప్పింది. నల్లధనం ఎంత బయటపడిందో గానీ, పోపుల పెట్టెలు మాత్రం బయటపడ్డాయి.

రహస్యమంటే నేరమే కానక్కర్లేదు. కానీ ప్రతి పైసాకూ జాడ ఉండే వ్యవస్థలో అమాయకుడు తన అమాయకత్వాన్ని తానే నిరూపించుకోవాలి. ఢిల్లీలో చోలే భటూరే అమ్ముకునే ఓ వీధి వ్యాపారి ఖాతాను బ్యాంకు స్తంభింపజేసింది. అతడు చేసిన నేరమేమిటి? ఎవరో సైబర్ మోసగాడి చేతులు మారిన సొమ్ములోంచి రూ.105 అతడి ఖాతాలో పడింది. ఆ నూట అయిదు రూపాయల కోసం మొత్తం ఖాతా ఆగిపోయింది. ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకుని 2024లో ఊరటనిచ్చింది. హైకోర్టు దాకా వెళ్లే శక్తి ఎంతమంది బండివాళ్లకు ఉంటుంది? అదే రూ.105 నోట్ల రూపంలో గల్లాపెట్టెలో పడి ఉంటే మర్నాడు ఉల్లిపాయలు కొనడానికి పోయేది.

కర్ణాటకలో 2025 జూలైలో జరిగింది మరో రకం. యూపీఐ లెక్కల ఆధారంగా వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చింది. హావేరిలో కూరగాయలమ్మే ఓ వ్యాపారికి రూ.29 లక్షలు కట్టమని నోటీసు వెళ్లింది. తాజా కూరగాయలకు అసలు జీఎస్టీయే లేదు. బెంగళూరు వీధుల్లో క్యూఆర్ కోడ్‌లు మాయమై, 'నగదు మాత్రమే' అన్న కాగితాలు వెలిశాయి. చివరికి పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించాల్సి వచ్చింది. పన్ను కట్టాల్సిందే. కానీ నోటీసు ముందు, విచారణ తర్వాత అన్న పద్ధతి చిన్నవాడిని ఎంత భయపెడుతుందో ఆ కాగితాలే చెప్పాయి.

ఇక మీట నొక్కి ఆపేసే సంగతి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పుపై హింస చెలరేగాక, కోనసీమలో రెండు వారాల పాటు మొబైల్ ఇంటర్నెట్ బంద్ అయింది. రాళ్లు రువ్విన వాడికీ, పాలప్యాకెట్ కొనబోయిన వాడికీ ఒకటే శిక్ష. అదే ఏడాది ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వం లారీడ్రైవర్ల నిరసనతో సంబంధమున్నవారి బ్యాంకు ఖాతాలను కోర్టు ఉత్తర్వు లేకుండానే స్తంభింపజేసింది. ఆ అత్యవసర అధికారాల ప్రయోగం సమంజసం కాదని 2024లో అక్కడి కోర్టు తేల్చింది. ఆ నిరసన నచ్చినా నచ్చకపోయినా ఒకటి నిజం. మీట ఒకసారి తయారయ్యాక, దానిమీద ఎవరి చెయ్యి ఉంటుందో మనం ఎంచుకోలేం.

ఈ భయం కొత్తదేం కాదు. రైల్వే కాలనీల్లో పెద్దవాళ్లు 'బట్వాడా రోజు' గురించి ఇప్పటికీ చెబుతారు. జీతం చేతికందిన రోజు బజారంతా పండగే. జీతం నాణేలు, నోట్ల రూపంలోనే ఇవ్వాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం శాసించింది. ఎందుకు? అంతకుముందు కొన్ని చోట్ల యజమానులు టోకెన్లిచ్చి, అవి తమ దుకాణంలోనే చెల్లేట్టు చేసేవారు. అస్సాం తేయాకు తోటల్లో ఆ టోకెన్లు నడిచాయి. బ్రిటన్‌లో 1831లోనే ఇలాంటి పద్ధతిని చట్టంతో అరికట్టారు. కూలివాడి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో యజమాని నిర్ణయించకూడదన్నదే దాని సారాంశం. కార్మికుడు రాసిస్తేనే బ్యాంకులో జీతం వేయాలన్న షరతును, నోట్ల రద్దు వేడిలోనే, 2016 డిసెంబరులో ఆర్డినెన్స్‌తో తీసేశారు.

ఇప్పుడు ఆ టోకెన్లు కొత్త రూపంలో తిరిగొస్తున్నాయా? రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం డిజిటల్ రూపాయిని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. దాన్ని ఫలానా పనికే చెల్లేలా ముందే అమర్చవచ్చు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో ఎంపిక చేసిన చోట్ల కౌలురైతులకు స్టేట్ బ్యాంక్ ఇలాంటి రుణాలు ఇస్తున్నట్టు 2024 ఆగస్టులో అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ వెల్లడించారు. పట్టా లేక బ్యాంకు గడప తొక్కలేని కౌలురైతుకు అప్పు పుట్టడం మంచిదే. కానీ ఆ డబ్బుతో విత్తనాలు, ఎరువులు వంటివే కొనాలి. పంట మధ్యలో పిల్లాడికి జ్వరం వస్తే ఆ రూపాయి ఆస్పత్రిలో చెల్లదు. అప్పుకు షరతు పెట్టడం వేరు, షరతునే రూపాయిలో కుట్టేయడం వేరు. చిన్న మొత్తాలకు గోప్యత ఉండేలా చూస్తామని రిజర్వు బ్యాంకు అంటోంది. అంటే చాలదు, చట్టంలో రాయాలి.

ఎందుకంటే ఇప్పటిదాకా చట్టాలన్నీ ఒకవైపే మొగ్గాయి. డిజిటల్ చెల్లింపులపై వేసిన ముఖ్యమంత్రుల కమిటీ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నేతృత్వంలో, రూ.50 వేలు, ఆపైన నగదు తీస్తే పన్ను వేయాలని 2017 జనవరిలో సిఫారసు చేసింది. అది అమలు కాలేదు గానీ, అదే ఏప్రిల్ నుంచి రూ.2 లక్షలు, ఆపైన నగదు స్వీకరణపై నిషేధం వచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ లేని బండికి టోల్ రెట్టింపయింది. పెద్ద వ్యాపారులు డిజిటల్ చెల్లింపులు తీసుకోవాల్సిందేనని చట్టం ఉంది. నగదు తీసుకోనన్న దుకాణాన్ని శిక్షించే చట్టం మాత్రం లేదు.

నగదును దాదాపు వదిలేసిన దేశాలే ఇప్పుడు వెనక్కి చూస్తున్నాయి. యుద్ధమో విపత్తో వస్తే పనికొస్తుంది, ఇంట్లో కొంత నగదు ఉంచుకోండని స్వీడన్ ప్రభుత్వం 2024 చివర్లో ఇంటింటికీ పుస్తకం పంపింది. దుకాణాల్లో నగదుతో చెల్లించే హక్కును నార్వే 2024 అక్టోబరు నుంచి చట్టంతో పటిష్ఠం చేసింది. మనకు కావలసిందీ అంతే. నిత్యావసరాలు, ఆస్పత్రి, ప్రయాణం... వీటికి నగదు తీసుకోవడం తప్పనిసరి చేయాలి. ఖాతా ఆపాల్సి వస్తే వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపాలి, కారణం చెప్పి ఆపాలి.

ఆ శనివారం సాయంత్రానికి గోల్ బజార్‌లో సౌండ్ బాక్సులు మళ్లీ మోగాయి. మిఠాయి దుకాణదారు మాత్రం గల్లాపెట్టె పక్కన చిల్లర గిన్నె పెట్టుకున్నాడు. "దేనికి?" అంటే, "ఆ మాతాజీ లాంటి వాళ్లు నలుగురుంటే చాలు, ఏ రోజూ బోణీ ఆగదు" అన్నాడు. ఆవిడ లడ్డూలు ఎవరికోసం కొన్నారో నాకు తెలియదు. వాళ్లబ్బాయికీ తెలియదు. అది ఆవిడ ఇష్టం.