వేగమే విద్వత్తా?

బేస్ గిటార్ పక్కవాద్యమే గాని ఏకవాద్యం కాదని కొందరి వాదన. దానిని ఖండించాలన్న తొందరలో, లండన్‌లోని ట్రినిటీ కళాశాల వంటి సంస్థలు మన నగరాలలో నిర్వహించే పరీక్షలకు వెళ్లే విద్యార్థులు కొందరు, తీగలను చరిచి వాయించే అతివేగ రచనలనే ఎంచుకుంటున్నారు. ఇది ఆ వాదనకు సమాధానం కాదు, లొంగుబాటు.

1951లో లియో ఫెండర్ రూపొందించిన బేస్ గిటార్ మంద్రస్థాయిని స్పష్టంగా వినిపించింది. ఆ గుణాన్నే మరుగుపరచే రచన పరీక్షకు ఎందుకు? 1976లో జాకో పాస్టోరియస్ వెలువరించిన ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’ ఒంటి బేస్‌పైనే సాగుతుంది. దాని ప్రాణం వేగం కాదు, తీగను సుతారంగా తాకి రాబట్టే హార్మోనిక్ స్వరాలు. చెల్లో కోసం బాఖ్ రచించిన మొదటి సూట్‌లోని ప్రెల్యూడ్ బేస్‌పై చక్కగా ఒదుగుతుంది. ఒక్కొక్క స్వరంగా నడుస్తూనే అది స్వరమేళనాన్ని స్ఫురింపజేస్తుంది. ఇటువంటి రచనలలో లోపాన్ని దాచుకునే చోటుండదు. పరీక్షించవలసింది అదే కదా!

పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్‌కు వేగం కొరత కాదు. అయినా విదేశీ వాద్యమైన మాండలిన్‌కు కర్ణాటక సంగీత వేదికపై గౌరవం తెచ్చినది గమకశుద్ధి, రాగభావం. బేస్ గిటార్‌కూ మార్గాంతరం లేదు. విద్యార్థి తన చేతికి లొంగిన రచననే ఎంచుకోవాలి; పరీక్షకుడు వేళ్ల పరుగును గాక నాదశుద్ధిని, లయనిష్ఠను తూచాలి.