నల్లరాతి పొరల నడుమ సముద్రం

“అగ్నిశిలల్లో శిలాజాలు ఉండవు” అని పరీక్షలో రాస్తే మార్కు వస్తుంది. ఆ మాట చాలావరకు నిజమే. సుమారు 1,100 డిగ్రీల వేడితో పారే లావాలో చిక్కిన జీవి ఆనవాలు మిగలడం అరుదు. కాని పాఠం అక్కడితో ముగించకూడదని నా అభిప్రాయం. లావాలో దొరకనిది లావా పొరల మధ్య దొరుకుతుంది.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం దక్కన్‌లో లావా విడతలు విడతలుగా పొంగింది. విడతల మధ్య విరామాల్లో చల్లారిన రాతిమీద నీరు నిలిచింది. నత్తలు, చేపలు, మొక్కలు బతికి, చచ్చి, బురదలో చేరాయి. తరువాత వచ్చిన లావా ఆ బురదను కప్పింది. మట్టి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు కాబట్టి పైపొర మాడినా అడుగుపొర నిలిచింది. ఆపైన గట్టి నల్లరాయి మూతలా ఉండి, దాన్ని వాన కోతనుంచి కాపాడింది. నీటిలో కరిగిన సిలికా మొక్కల్లోకి ఇంకి వాటిని రాయిగా మార్చింది. మధ్యప్రదేశ్‌లోని మోహగావ్ కలాన్‌లో దొరికిన ఇటువంటి మొక్కలను బీర్బల్ సాహ్ని పరిశోధించారు.

మనకూ ఇటువంటి నిధి ఉంది. రాజమండ్రి పక్కన కాతేరులోను, గోదావరికి పడమట పంగిడి, గౌరీపట్నం ప్రాంతంలోను రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, బంకమన్ను ఉన్నాయి. వాటిలో ఆల్చిప్పలున్నాయి. అంటే ఒకప్పుడు సముద్రపు నీరు అక్కడిదాకా వచ్చిందన్నమాట! ఆ పొరలో ఫొరామినిఫెరా అనే అతిసూక్ష్మ జీవుల గుల్లలు కూడా ఉన్నాయి. డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టిన జాతులు వాటిలో ఉన్నాయని 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. జీవచరిత్రలో అంత పెద్ద మలుపు మన ఊళ్ళ పక్కన రాతిగోడమీద కనిపిస్తున్నది.

ఆ గోడను మనకు చూపించినవి క్వారీలే. రోడ్లకు కంకర కావాలి, కాదనను. కాని నల్లరాయిని పేల్చేటప్పుడు నడిమిపొర కూడా చెదిరిపోతుంది. కంకర మరోచోట దొరుకుతుంది. ఆ పొర దొరకదు. అందుకే పని ముగిసిన క్వారీలో పొరలన్నీ కనిపించే గోడ ఒక్కటైనా అలాగే ఉంచి, పక్కన వివరాల పలక పెట్టాలి. తిరుమల ఘాటు రోడ్డు పక్కనున్న రాతిపొరల హద్దు ఇప్పటికే జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. గోదావరి గట్టున అటువంటిది ఎందుకు ఉండకూడదు?

విద్యార్థులారా! క్వారీల్లోకి ఒంటరిగా వెళ్ళకండి. అనుమతి తీసుకొని, పేలుళ్ళు లేని రోజున మీ ఉపాధ్యాయులతో వెళ్ళండి. పొరలను కింది నుంచి పైకి లెక్కపెట్టి, బొమ్మ గీసుకోండి. పాఠంలోని ఆ వాక్యానికి మిగతా సగం మీకు అక్కడ కనిపిస్తుంది.