పట్నం ప్లానుల మా తాండూరు బస్సు యాడున్నది?

సోమారం నసకుల తాండూరు బస్టాండుల నిలవడితె ఒక ముచ్చట సమజయితది. పట్నం అంటె పట్నంల ఇల్లున్నోళ్లది ఒక్కటే కాదు. ఐతారం ఊరికొచ్చిన కాలేజీ పోరగాండ్లు, బట్టల దుకాన్ల పనిచేసే ఆడిపిల్లలు, పెద్ద దవాఖానకు పోయే ముసలోళ్లు, మేస్త్రీల కింద పనికి పోయేటోళ్లు, అందరం ఒకే బస్సుకు ఎదురుచూస్తం. సీటు దొరికితె నసీబు. దొరకకుంటె మూడు గంటలు నిలవడుడే. నేను నాలుగేండ్లు గట్లనే పోయిన. ఒక చేతుల మా అమ్మ కట్టిచ్చిన జొన్న రొట్టెల సంచి, ఇంకో చేతుల బస్సు రాడ్డు.

2025 నవంబర్ 3 కూడ సోమారమే. తాండూరు నుంచి పట్నం పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జగూడ కాడ ఎదురుంగ వచ్చిన టిప్పర్ గుద్దింది. టిప్పర్ల ఉన్న కంకర అంత బస్సుల మీద పడ్డది. 19 మంది పోయిండ్రు. అండ్ల సదువుకునే పిల్లలు ఉన్నరు. గా దినం ఆ బస్సుల నేను లేను. గని ఆ బస్సు నాకు ఎరుకే. ఏ సీటు కాడ కిటికీ పట్టదో, ఏ మూల మలుపు కాడ అందరు ముంగటికి తూలుతరో కూడ ఎరుకే.

ఆ దినం నుంచి టీవీలల్ల, ఫోన్లల్ల ఒకటే లొల్లి. తప్పు డ్రైవర్‌దా, గుంతదా, ఎక్కువ లోడ్‌దా, మర్రి చెట్లదా? నేను ఆ పంచాదిలకు పోను. దానికి పోలీసులున్నరు, కోర్టులున్నయి. నేను అడిగేది వేరే. ఒక దిక్కు నుంచి మనుషుల బండి, ఇంకో దిక్కు నుంచి కంకర బండి, నడుమ డివైడర్ లేని సన్నటి తొవ్వ. ఈ రెండు దినాం గీ తొవ్వల ఎదురుబదురు పోవాలని ఎవలు రాసిండ్రు? ఎవలు రాయలే. అదే అసలు కత. రాయవలసినోళ్లు మా దిక్కు చూడనే లేదు.

చెట్ల ముచ్చట జర చెప్పాలె, ఎందుకంటె మా దోస్తులు కూడ చాన మంది చెట్ల మీదనే కోపం తీసిండ్రు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాక 46 కిలోమీటర్లు. రోడ్డుకు అటు ఇటు దగ్గర దగ్గర 900 మర్రి చెట్లు, మా తాతల కాలం నాటియి. రోడ్డు నాలుగు లైన్లు చెయ్యాలంటె చెట్లు పోతయని కేసు పడ్డది, గ్రీన్ ట్రిబ్యునల్ల ఏండ్లకేండ్లు నడిచింది. ఎక్కువ చెట్లు ఉంచి, అడ్డమున్నయి కొన్ని తీసి వేరే కాడ నాటాలనే తీరుగ 2025 ఆఖరుకు ఒక కొలిక్కి వచ్చింది. చెట్లు కావాలన్నోళ్లు దుష్మన్లు కాదు, రోడ్డు కావాలన్నోళ్లు కూడ కాదు. రెండు ఒక్క కాయితం మీద ముందుగాలనే గీస్తె అన్నేండ్లు పట్టకపోవు. రోడ్డు వెడల్పు కావాలె, నడుమ డివైడర్ కావాలె, నేను వద్దనను. గని రోడ్డు ఒక్కటి వెడల్పు చేసి చేతులు కడుక్కుంటె, రేపు అదే తొవ్వల ఇంకిన్ని టిప్పర్లు, ఇంకింత స్పీడు తోని వస్తయి. గప్పుడు కూడ మా బస్సు వాటి నడుమనే ఉంటది.

ఎందుకు వస్తయంటె పట్నం మా దిక్కు నడుస్తున్నది కాబట్టి. మొయినాబాద్ దాటి, చేవెళ్ల దాటి వెంచర్లు, ఫాంహౌజులు, విల్లాలు. ఒక ఇల్లు లేవాలంటె సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము, బండలు కావాలె. మా తాండూరు నాపరాయి, మా దిక్కు సిమెంటు పట్నం పోతది. టమాట, పూలు, పాలు పట్నం పోతయి. అటుకెల్లి మళ్ల కంకర, ఫ్రిజ్‌లు, ఎరువుల బస్తాలు వస్తయి. పట్నం అనేది ఒక పెద్ద కడుపు తీరు. దానికి పొద్దుమాపు తిండి వెయ్యాలె. ఆ తిండి ఏ తొవ్వల, ఏ గంటకు, ఏ బండిల పోవాల్నో లెక్క పెట్టుడే ట్రాన్స్‌పోర్ట్ ప్లాను. మన దగ్గర ప్లాను అంటె మాత్రం ఫ్లైఓవర్, మెట్రో పిల్లర్, ఇంకో రింగు.

హైదరాబాద్ల పెద్ద లారీలకు పగటి పూట అనుమతి ఉండది. అది మంచిదే, పట్నం జనానికి పానం సేఫ్. మరి ఆ లారీలు యాడికి పోతయి? పగలు బయట ఆగుతయి, రాత్రి కదులుతయి, తెల్లారకముందే ఖాళీ చేసుకోని మళ్లుతయి. రాత్రంత నిద్రలేని డ్రైవరు, ఇంకో ట్రిప్పు కొడితెనే పైసలు గిట్టే మాలకు. సరిగ్గ అదే టైముకు ఊర్లకెల్లి మొదటి బస్సు బయలెల్లుతది. పట్నం లోపట పగలు తప్పించిన గండం పట్నం బయట పొద్దుగాల మా మీదికి తోసినట్టయింది. కావాలని చేసిండ్రని అంటలేను. పట్నం బోర్డు దాటినంక లెక్క చూసేటోడు లేడు, గంతే.

ఔటర్ రింగ్ రోడ్డు చూడుండ్రి, 158 కిలోమీటర్లు. పెద్ద లారీలకు, కార్లకు మస్తు సౌలత్. దాని మీదికి టూవీలర్ రానియ్యరు, ఆటో రానియ్యరు. స్పీడు రోడ్డు కాబట్టి అది సరే అనుకుందాం. దాని పక్కపొంటి 2023ల 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టిండ్రు, పైన సోలార్ పలకల తోని. నీడ, లైట్లు, మంచిగ ఉన్నది. నేను కూడ ఒకపారి పోయి చూసిన. ఐటీ కంపెనీలోళ్లు పొద్దుగాల ఆరోగ్యానికి తొక్కుతున్నరు. తొక్కనియ్యి, నాకేం కడుపుమంట లేదు. గని కోకాపేట టవర్లల్ల పనికి సైకిల్ మీద పోయే వాచ్‌మన్ అన్నకు ఆ టవరు గేటు దాక ఒక మూరెడు ట్రాక్ లేదాయె. సైకిల్ను పట్నం ప్లాను బండి అనుకోలే, కసరత్తు సామాను అనుకున్నది.

కేంద్రం 2006లనే జాతీయ పట్టణ రవాణా విధానం తెచ్చింది. అండ్ల మూల మాట ఏందంటె, రోడ్డు మీద జాగ మనుషులకు ఇయ్యాలె, బండ్లకు కాదు అని. ఒక కారుల ఒకడో ఇద్దరో కూసుంటరు. ఒక బస్సుల అరవై డెబ్బై మంది పోతరు. ఆ బస్సు తీసుకునే జాగ రెండు మూడు కార్లంత. లెక్క ఇంత సీదా ఉన్నది. ఊరికి లక్ష మందికి 60 బస్సులు ఉంటె మంచి సేవ అని కేంద్ర పట్టణ శాఖ కొలమానం. కోటి మంది దాటిన హైదరాబాద్‌కు ఆ లెక్కన ఆరు వేలకు పైన బస్సులు కావాలె. ఉన్నయి చూస్తె మూడు వేల దగ్గరనే. అవే దినాం 20 లక్షలకు పైన జనాన్ని మోస్తున్నయి. మెట్రో అంత పేరు తెచ్చుకున్నది, గని అది మోసేది దినానికి ఐదు లక్షల లోపటనే. నేను మెట్రో వద్దనను, ఎండల ఏసీల పోతె ఎవలికి చేదు? బస్సుకు గూడ అంత ఇజ్జత్ ఇయ్యుండ్రి అంటున్న.

ఈ కాడ మన పోరగాండ్లకు ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఫ్రీ బస్సు అయినంక, సీట్లు లేవని ఆడోళ్ల మీద జోకులు, రీల్స్ మస్తు చేసిండ్రు. నేను కూడ ఒకటి రెండు షేర్ చేసిన, అబద్ధమెందుకు. గని మా ఊరి పిల్లలు పట్నంల నర్సింగ్ సదువుతున్నరంటె ఆ జీరో టికెట్ కూడ ఒక కారణం. జనం పెరిగినంత బస్సులు పెరగలే, కొట్లాడవలసింది దాని మీద. పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 కరెంటు బస్సులు ఇస్తమని 2025ల కేంద్రం చెప్పింది. మంచి కబురు. అవి వచ్చినంక ఖాళీ అయ్యే డీజిల్ బస్సులల్ల గట్టియి మా వికారాబాద్, తాండూరు, పరిగి దిక్కు పంపుతరా, తుక్కుకు వేస్తరా? ఇప్పుడే అడగాలె.

ఇగ అసలు నా కడుపుల ఉన్న మాట రైలు గురించి. వాడి నుంచి సికింద్రాబాద్ దాక నిజాం కాలంల 1874లనే లైను వేసిండ్రు. తాండూరు, ధారూర్, వికారాబాద్, చిట్టిగిద్ద, శంకర్‌పల్లి, నాగులపల్లి, లింగంపల్లి, అన్ని దాని మీదనే. నూటయాబై ఏండ్లాయె. 2003ల ఎంఎంటీఎస్ షురూ చేసినప్పుడు లింగంపల్లి కాడ ఆపిండ్రు. అటు ఇంకో 50 కిలోమీటర్లు పోతె వికారాబాద్. పట్టాలున్నయి, కరెంటు తీగలున్నయి, స్టేషన్లున్నయి. పొద్దుగాల రెండు, మాపటికి రెండు లోకల్ బండ్లు టైముకు నడిస్తె, సోమారం బస్సుల నిలవడే సగం మంది పట్టాల మీదికి మారుతరు. ఎదురుంగ టిప్పర్ రాదు. టికెట్ కూడ బస్సు కన్న సౌక.

అల్కగైతదని చెప్తలేను. ఆ లైన్ల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు ఒకదాని ఎనుక ఒకటి పోతయి, లోకల్ బండికి ఖాళీ దొరకాలంటె ఇంకో లైను వెయ్యాలె. పైసల పంచాది ఉంటది. ఎంఎంటీఎస్ రెండో దశనే చూడుండ్రి. ఖర్చుల రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే అన్నరు. 2012-13ల మంజూరైతె, మేడ్చల్, ఉందానగర్ దాక బండ్లు కదిలింది 2023 ఏప్రిల్ల. పదేండ్లు! ఆ పదేండ్లల్ల ఎన్ని ఫ్లైఓవర్లు లేచినయో మీకు తెలుసు. ఫ్లైఓవర్‌కు రిబ్బన్ ఉంటది, కటింగ్ ఉంటది. లోకల్ బండి టైముకొచ్చిందంటె ఫొటో దిగేటోడు ఎవడుంటడు?

చేవెళ్ల, మొయినాబాదోళ్లకు రైలు లేదు కదా అంటరు. నిజమే, వాళ్లకు బస్సే దిక్కు. దూరమోళ్లు రైలెక్కితె వాళ్లకు బస్సుల జాగ దొరుకుతది.

సామాను ముచ్చట కూడ గిట్లనే ఇడమరిచి చూడాలె. సిమెంటు, బండలు దూరం పోయేయి, రైలుకు ఎక్కుతయి. కంకర దగ్గర క్వారీల నుంచి పోయేది, దాన్ని రైలెక్కియ్యలేం. గని తగ్గియ్యచ్చు. హైదరాబాద్ల కూలగొట్టిన ఇండ్ల మట్టిని, పెళ్లలను నలగ్గొట్టి మళ్ల ఇసుక, కంకర చేసే ప్లాంట్లు జీడిమెట్లల, ఫతుల్లాగూడల ఉన్నయి. ఒక్కొక్కటి దినానికి 500 టన్నులు చెయ్యగలదు. సర్కారు పనులల్ల, పెద్ద వెంచర్లల్ల ఇంత భాగం గా కంకరనే వాడాలని గట్టిగ పెడితె అన్ని టిప్పర్లు తొవ్వల తక్కువైతయి. మిగిలిన టిప్పర్లకు పొద్దుగాల ఐదు నుంచి తొమ్మిది దాక మా రోడ్డు మీద ఆపు పెట్టుండ్రి. పట్నం జనానికి పెట్టిన రూలే, మాకు కూడ నాలుగు గంటలు పెట్టుమంటున్న.

కూరగాయల కత ఇంకో తీరు. మా నాయిన రెండు గంపల వంకాయలు బస్సు మీద వేసుకోని పొయ్యి అమ్ముకోని వచ్చేటోడు. ఇప్పుడు ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడాలె. ఇద్దరు ముగ్గురు రైతులు కలిస్తెనే గిడుతది, ఒక్కడు పోతె కిరాయికే సరిపాయె. బొంబాయి లోకల్ రైళ్లల్ల కూరగాయలోళ్లకు, సామానోళ్లకు వేరే డబ్బ ఉంటది. గంపలు గాడ పెట్టి కూసుంటరు. వికారాబాద్ నుంచి ఒక లోకల్ బండి నడిచి, దానికి ఒక్క డబ్బ గట్ల పెడితె, రెండు గంపల రైతుకు కూడ పట్నం బజారు దొరుకుతది. ఆర్టీసీ 2020ల కార్గో తెచ్చినప్పుడు పార్సిళ్లకు మంచి తొవ్వ పడ్డది. అదే తెలివి కూరగాయలకు వాడితె ఏమైతది?

2025ల హెచ్ఎండీఏ హద్దులు ట్రిపులార్ దాక జరిపిండ్రు. ఆ ట్రిపులార్ భూముల కాడ రైతుల లొల్లి వేరే నడుస్తనే ఉన్నది. హద్దులల్లకు మమ్ములను గుంజినప్పుడు ప్లానులకు కూడ గుంజాలె కదా. మా భూమి లెక్కకొచ్చింది, మా బస్సు లెక్కకు రాలే. పట్నానికి వచ్చే ఇరవై ముప్పై ఏండ్లకు రవాణా ప్లాను అంటరు, ముసాయిదా పెడతరు, అభ్యంతరాలు చెప్పుండ్రి అంటరు. అప్పుడు మన దగ్గరికెల్లి పోయేయి చూస్తె అన్ని భూమి మీద కాయితాలే. ఒక్కటి కూడ బస్సు మీద ఉండది. మా ఊరి నుంచి సోమారం ఎంతమంది పోతరు, ఎన్ని గంటలకు పోతరు, ఏ బస్సుల ఎంతమంది నిలవడతరు, లెక్క రాసి గ్రామసభల తీర్మానం చేసి పంపితె, అది భూమి కాయితమంత గట్టి కాయితమే. మా ఊర్ల నలుగురం ఆ లెక్క రాసుడు షురూ చేసినం. ఫోన్లనే, ఒక్కొక్క సోమారం ఒక్కొక్కలం.

మా చెల్లె ఈ ఏడు పట్నంల డిగ్రీల చేరింది. సోమారం నసకుల బస్సెక్కుతది. నేను పండుకోను. "మన్నెగూడ దాటినవా?" అని ఒకపారి ఫోన్ చేస్త, "చేవెళ్ల దాటినవా?" అని ఇంకోపారి. "అన్నా, నిలవడ్డ, మళ్ల చేస్త" అని పెట్టేస్తది.