రోగి దగ్గర ఇఖామా అడగవచ్చా?

గల్ఫ్ దేశాలకు వెళ్ళివచ్చిన సోదరులకు 'ఇఖామా' అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ దేశంలో ఉండటానికి, పని చేసుకోవటానికి అనుమతినిచ్చే చిన్న కార్డు అది. దాని గడువు తీరినా, లేక కఫీల్ తన పనివాడు పారిపోయాడని ఫిర్యాదు రాసి ఇచ్చినా, నిన్నటి దాకా కష్టజీవి అనిపించుకున్నవాడు ఇవాళ 'ఖల్లివెల్లి' అయిపోతాడు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఈ మాట వినని ఇల్లు అరుదు. సౌదీలో ప్రైవేటు యజమాని తన దగ్గర పనిచేసే విదేశీయునికి ఆరోగ్య బీమా చేయించాలన్న చట్టం ఉంది. మంచి చట్టమే. కాని బీమా ఇఖామాతో ముడిపడి ఉంది గనుక కార్డు పోయిననాడు వైద్యమూ పోతుంది. మామూలు రోజుల్లో ఇది ఆ పేదవాని బాధ మాత్రమే. 2020లో కరోనా వచ్చేసరికి అది ఊరందరి బాధ అయింది.

ఆ సంవత్సరం మార్చి 30న సౌదీ రాజు సల్మాన్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. పౌరులైనా, విదేశీయులైనా, చివరకు నివాస చట్టాన్ని ఉల్లంఘించి ఉంటున్నవారైనా, కరోనా సోకితే ఉచితంగా వైద్యం చేస్తామని ఆరోగ్యమంత్రి తౌఫీఖ్ అల్ రబీఆ ప్రకటించారు. దానికి కొద్దిరోజుల ముందే పోర్చుగల్ ప్రభుత్వం, నివాస అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్న విదేశీయులందరినీ తాత్కాలికంగా అనుమతి ఉన్నవారిగానే పరిగణించి ప్రభుత్వ వైద్యం అందించింది. రెండు నిర్ణయాలూ ప్రశంసనీయమే. అయితే ఉత్తర్వు వెలువడటం వేరు, దాన్ని రోగి నమ్మటం వేరు.

నా దగ్గర అలిఫ్ బే నేర్చుకున్న కుర్రవాడొకడు అప్పుడు రియాద్‌లో ఉన్నాడు. ఇఖామా గడువు తీరి ఏడాది దాటింది. ఎనిమిది మంది ఉండే గదిలో అతనికి జ్వరం పట్టుకుంది. రాజుగారి ఉత్తర్వు సంగతి ఇక్కడి నుంచి తండ్రే ఫోన్ చేసి చెప్పాడు. "మందు ఇస్తరు అబ్బా, ఇచ్చినంక పట్టిస్తరు" అన్నాడట కొడుకు. అయిదు రోజులు పారాసిటమాల్ మింగుతూ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆరోనాడు ఊపిరాడకపోతే గదిలోని వారే బలవంతాన ఆసుపత్రికి చేర్చారు. బ్రతికాడు, అల్హందులిల్లాహ్. ఎవరూ పోలీసులను పిలవలేదు, ఒక్క రియాలు అడగలేదు. కాని ఆ అయిదు రోజుల్లో అదే గదిలో మరి నలుగురు పడ్డారు.

అతని భయం వట్టిదని కొట్టివేయలేము. అదే సౌదీలో, దక్షిణ సరిహద్దున ఉన్న జీజాన్ ప్రాంతంలో ఇథియోపియా వలస కూలీలను ఊపిరాడని ఇరుకు నిర్బంధ కేంద్రాల్లో కుక్కి ఉంచిన సంగతి 2020 ఆగస్టులో లోకానికి తెలిసింది. ఒక చేత్తో మందు, మరో చేత్తో బేడీలు పట్టుకుని రమ్మంటే రోగి ఏ చేతిని చూస్తాడు?

అంటువ్యాధి ఉన్న ప్రాంతానికి వెళ్ళవద్దని, మీరున్న చోటనే అది వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోట ప్లేగు వార్త విని, సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించుకున్నప్పుడు, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వినిపించినది ఈ బోధననే. లాక్‌డౌన్ రోజుల్లో దీన్ని మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. కాని ఒక విషయం మీద దృష్టి పెట్టలేదు. ఊరు విడిచి పోవద్దన్న మాట స్థానికునికే కాదు, ముసాఫిరుకూ వర్తిస్తుంది. అతన్ని కదలనివ్వని ఊరు అతనికి వైద్యం చేయించవలసిన బాధ్యతను కూడా నెత్తికెత్తుకున్నట్టే. 2020 మార్చి నెలాఖరుకు విమానాలన్నీ ఆగిపోయాయి. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యే దాకా గల్ఫ్‌లోని మనవాళ్ళకు ఇంటిదారే లేదు. అటువంటివాణ్ణి 'మీ దేశం పోయి చూపించుకో' అనటం న్యాయమా? కైరోలో 1284-85లో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి తలుపులు స్థానికులతో పాటు పరదేశులకూ తెరిచే ఉండేవి. వక్ఫ్ ఆదాయంతో నడిచిన దవాఖానా అది.

ఇక మన హైదరాబాద్ సంగతి. టోలీచౌకి పరిసరాల్లో యెమెన్, సూడాన్, సోమాలియా విద్యార్థులున్నారు. బాలాపూర్ వైపు బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలున్నాయి. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు గనుక వారి చేతిలో ఉన్న ఐక్యరాజ్యసమితి కార్డుకు ఏ కౌంటరులో ఎంత విలువ ఇస్తారో ముందుగా చెప్పలేము. టీకా విషయమే చూడండి. 2021 మే 1 నుంచి పద్దెనిమిదేళ్ళు నిండినవారందరికీ టీకా అన్నారు. గుర్తింపు కార్డు లేనివారికి ఏ పద్ధతిలో వేయాలో మే 6న కేంద్రం చెప్పింది. ఇక్కడ నివసించే విదేశీయులు పాస్‌పోర్టు చూపి కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చునని చెప్పేసరికి ఆగస్టు 9 వచ్చింది. రెండో ఉధృతి ఊళ్ళను ఊడ్చుకుపోయిన రోజులు అప్పటికే దాటిపోయాయి.

ఆ ఏప్రిల్‌లో మా వీధిలో అద్దెకుంటున్న యెమెన్ విద్యార్థికి ఆయాసం ఎక్కువైతే నేను, మసీదు కమిటీ వారు ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. కౌంటరులో ఆధార్ అడిగారు. పాస్‌పోర్టు చూపించాం. వీసా గడువు తీరిందన్నారు. వాళ్ళ దేశంలో యుద్ధమని చెప్పాం. ఆధార్ నంబరు లేకుండా కంప్యూటరు తీసుకోదన్నారు. మూడు గంటలు ఆ వరండాలోనే నిలబడ్డాం. చివరకు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బయటకు వచ్చి చూసి, కాగితాల సంగతి తరువాత చూద్దామని అతన్ని లోపలికి తీసుకున్నారు. ఆ తల్లికి అల్లాహ్ మేలు చేయుగాక. కాని ఆమె డ్యూటీ ఆ రాత్రి కాకపోయి ఉంటే?

'మనవాళ్ళకే ఆక్సిజన్ దొరకని రోజుల్లో పరాయివారికి మంచం ఎక్కడిది?' అని అప్పుడు కొందరు అన్నారు. మనవాళ్ళలో కూడా అన్నారు. కొరత నిజమే. కొరత ఉన్నప్పుడు ఎవరికి ముందన్నది ఎవరి ప్రాణం ఎక్కువ ప్రమాదంలో ఉందో చూసి డాక్టరు తేల్చాలి గాని కౌంటరులో గుమాస్తా కాదు. పైగా ఇదే మాట ఆ రోజు రియాద్‌లో ఎవరైనా అని ఉంటే, నా శిష్యుని తల్లికి శవపేటిక కూడా వెంటనే చేరి ఉండేది కాదు. విమానాలు లేవు కదా.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. సౌదీ ఉత్తర్వు కరోనా వైద్యానికి, కోవిన్ సడలింపు కరోనా టీకాకు సంబంధించినవి. రేపు మరొక వ్యాధి వస్తే మళ్ళీ కౌంటరు దగ్గర మొదటి నుంచి వాదించుకోవాలా? అంటువ్యాధి సమయంలో గడువు తీరిన పాస్‌పోర్టు అయినా, శరణార్థి కార్డు అయినా, ఏదీ లేకపోతే నోటితో చెప్పిన పేరు అయినా రాసుకుని రోగిని చేర్చుకోవాలని, ఆ రిజిస్టరును పోలీసులకు ఇవ్వరాదని రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడే, వ్యాధి లేని ఈ రోజుల్లోనే, రాతపూర్వకంగా ఆదేశించాలి. ఆ ఆదేశాన్ని బస్తీ దవాఖానాల గోడల మీద తెలుగులో, ఉర్దూలో, అరబీలో రాయించాలి. విదేశీయులు ఎక్కువగా ఉండే వీధుల్లోని మసీదు కమిటీలు ఒక్క జుమా నమాజు తరువాత దాన్ని చదివి వినిపించినా చాలు, దుప్పటి కింద దాక్కునేవారు ఆరోనాటి దాకా ఆగకుండా మొదటి రోజే బయటకు వస్తారు.